ఫ్లాట్‌లో, ట్రాఫిక్‌లో, ఆదివారం పూట: చిన్నపిల్లలతో సరదాగా గడపడం ఎలా?

హైదరాబాద్‌లో చిన్నపిల్లల్ని ఆడించడం అనగానే చాలామందికి మాల్‌లో ప్లే ఏరియా గుర్తొస్తుంది. గంటకింత అని టికెట్, లోపలికి వెళ్లాలంటే అక్కడే కొనాల్సిన సాక్సులు, బయటికి రాగానే ఐస్‌క్రీమ్, ఇంటిదారి పట్టగానే ఏడుపు. ఎప్పుడో ఒకసారి వెళ్తే తప్పులేదు. వారమంతా ఆఫీసు, స్కూలు అంటూ పరిగెత్తి, సరదా మొత్తం ఆదివారంలోకి కుక్కేద్దామనుకుంటేనే ఇంటిల్లిపాదికీ టెన్షన్. మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు ప్రత్యేకంగా ప్రోగ్రాం ఏదీ అక్కర్లేదు. ఇంట్లో ఎలాగూ జరిగే పనిలో కొంత వాటా, రోజుకో అరగంట మన పూర్తి ధ్యాస, వారానికో చిన్న షికారు ఉంటే చాలు. వీటిని ఎలా కుదుర్చుకోవచ్చో చూద్దాం.

ముందు ఆ అరగంట సంపాదించండి

గచ్చిబౌలి నుంచో సికింద్రాబాద్ నుంచో ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. తలుపు తీయగానే పిల్లలు మీద పడతారు. అప్పుడు "ఉండు, ఐదు నిమిషాల్లో వస్తా" అని ఫోన్ తీసుకుని మంచం మీద కూలబడ్డామా, ఆ ఐదు నిమిషాలు నలభై అవుతాయి. అందుకని వరస మార్చండి. చెప్పులు విప్పి, కాళ్లూ చేతులూ కడుక్కుని, ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టేసి నేరుగా పిల్లల దగ్గర కూర్చోండి. టీ కూడా అక్కడికే తెచ్చుకోండి. అరగంట అయ్యాక మీరు లేచి వెళ్లినా వాళ్లు పెద్దగా గొడవ చేయరు, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది అప్పటికే దొరికేసింది.

టీవీ, ఫోన్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల గురించి కొన్ని సూచనలు ఇచ్చింది. ఏడాది లోపు వాళ్లకు తెర అసలే వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించకూడదు, ఇంకా తగ్గితే ఇంకా మంచిది. మూడు నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద 180 నిమిషాలైనా ఒళ్లు కదిలిస్తూ ఉండాలి, అందులో 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఆడాలి.

డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో మూడు గంటల ఆట ఎక్కడ సాధ్యం అని కంగారు పడకండి. మెట్లెక్కడం, బట్టల బుట్ట ఈడ్చుకెళ్లడం, కిరాణా కొట్టు దాకా నడవడం, అన్నీ లెక్కలోకే వస్తాయి. లిఫ్ట్ మానేసి రెండంతస్తులు మెట్లు ఎక్కించండి చాలు, ఒక్కో మెట్టుకు ఒక్కో అంకె చెబుతూ.

వంటింట్లో వాటా ఇవ్వండి

నా ఉద్దేశంలో కొన్న బొమ్మలన్నీ ఒక ఎత్తు, వంటింటి పని ఒక ఎత్తు. పిల్లలకు అది ఆటే. మనమే దాన్ని పనిగా చూస్తాం.

స్టవ్‌కు దూరంగా నేల మీద చాప పరవండి. పిల్లకో పిల్లాడికో సొంతంగా ఒక స్టీలు గిన్నె కేటాయించండి, రోజూ అదే గిన్నె. తర్వాత వయసును బట్టి పని అప్పజెప్పండి. మూడేళ్లు నిండిన వాళ్లకు గోంగూర, తోటకూర ఆకులు తుంచడం, కొత్తిమీర కాడలు వేరు చేయడం. నాలుగైదేళ్లకు చిక్కుడుకాయ ఈనెలు తీయడం, బఠానీలు ఒలవడం, వెల్లుల్లి పొట్టు నలిపి ఊదడం. (ఇల్లంతా పొట్టు ఎగురుతుంది. చీపురు కూడా వాళ్ల చేతికే ఇవ్వండి.) ఆరేళ్లు వచ్చాక చపాతీ ఒత్తొచ్చు. అది భారతదేశం మ్యాపులాగే వస్తుంది, అలాగే కాల్చి వాళ్ల కంచంలోనే వేయండి.

రెండు జాగ్రత్తలు. పచ్చిమిరపకాయలు మాత్రం చేతికివ్వకండి, కళ్లు నులుముకుంటే ఆ సాయంత్రం అంతా అదే గోల. మూడేళ్ల లోపు తమ్ముడో చెల్లెలో పక్కన ఉంటే పచ్చి బఠానీలు, పల్లీలు, చింతపిక్కలు లాంటివి వాళ్లకు అందకుండా చూడండి, గొంతుకు అడ్డం పడతాయి.

పని ఎప్పుడూ చిన్నదిగా ఇవ్వాలి. మూడు కట్టల గోంగూర ముందు పెడితే ముప్పావు వంతు మీరే తుంచాలి. ఒక్క కట్టలో సగం ఇవ్వండి. మధ్యలో లేచిపోతే వెనక్కి పిలవకండి. అన్నం దగ్గర మాత్రం "ఇవాళ పప్పులో ఆకు ఎవరు తుంచారో తెలుసా?" అని వాళ్ల నాన్ననో తాతయ్యనో అడగండి. కూర ముట్టని పిల్లలు కూడా తాము తుంచిన ఆకును వెతుక్కుని మరీ తింటారు. ఇది ప్రతిసారీ పనిచేస్తుందని చెప్పను, చాలాసార్లు పనిచేస్తుంది.

పొయ్యి అవసరం లేని వంటకం ఒకటైనా పూర్తిగా వాళ్ల చేతికి వదిలేయండి. తీపి అటుకులు అందుకు బాగుంటాయి. రెండు గుప్పిళ్ల సన్న అటుకుల్ని జల్లెడలో వేసి నీళ్లు చల్లి, చేత్తో మెల్లగా పిండమనండి. తురిమిన బెల్లం గుప్పెడు, పచ్చి కొబ్బరి తురుము గుప్పెడు, చిటికెడు యాలకుల పొడి వేసి కలపమనండి. పది నిమిషాలు మూత పెడితే బెల్లం కరిగి అటుకులకు పడుతుంది. తురమడం మీ పని, కలపడం, పంచడం వాళ్ల పని. పక్క ఫ్లాట్ ఆంటీకి చిన్న గిన్నెలో వాళ్ల చేతే పంపండి.

ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బా ఉంటే పారేయకండి. అడుగున రెండు మూడు చిల్లులు పెట్టి, మట్టి నింపి, రాత్రంతా నానబెట్టిన మెంతులు చల్లించండి. పైన పల్చగా మట్టి కప్పి రోజూ నీళ్లు చిలకరిస్తే రెండు మూడు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి, రెండు వారాలకల్లా కత్తిరించుకునేంత ఆకు వస్తుంది. పిల్లల ఓపికకు మెంతికూరే సరి. టమాటా, వంగ లాంటివి నాటిస్తే అవి కాసేలోపు నాటిన సంగతే మర్చిపోతారు. ఏప్రిల్, మే నెలల్లో బాల్కనీ ఎండకు మొలకలు మాడిపోతాయి, డబ్బాను కిటికీ లోపలి వైపు పెట్టండి.

ఒక డబ్బా సర్దిపెట్టండి

పాత బిస్కెట్ల రేకు డబ్బా తీసుకోండి. అందులో చింతపిక్కలు, గవ్వలు, సుద్దముక్కలు, బట్టల క్లిప్పులు, ఖాళీ అగ్గిపెట్టెలు, పాత పెళ్లి శుభలేఖలు పెట్టండి. శుభలేఖల మందపాటి మెరుపు కాగితాన్ని మించిన క్రాఫ్ట్ సామాను ఏ స్టేషనరీ షాపులోనూ దొరకదు, పైగా మాఘమాసం వెళ్లేసరికి ఇంట్లో కట్టలకు కట్టలు పోగవుతాయి. డబ్బా అందుబాటులో ఉంచొద్దు. ఆ అరగంటలోనే దించాలి, అయిపోగానే బీరువా మీదికి ఎక్కించాలి. రోజంతా చేతిలో ఉంటే దాని మీద మోజు రెండు రోజుల్లో పోతుంది.

అష్టా చెమ్మా నేర్పండి

ఐదేళ్లు వచ్చిన పిల్లలకు ఇంతకంటే మంచి లెక్కల పాఠం లేదు. ఇంట్లో తాతయ్యో నానమ్మో ఉంటే ఈ బాధ్యత వాళ్లకే వదిలేయండి. లేకపోతే ఇలా మొదలుపెట్టండి.

నేల మీద సుద్దముక్కతో పెద్ద చదరం గీసి, అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, మొత్తం 25 గళ్లు చేయండి. నాలుగు వైపులా అంచు వరసల్లో మధ్య గడికి ఒక్కో ఇంటూ గుర్తు వేయండి. ఇవి నాలుగూ నాలుగు ఇళ్లు. అన్నిటికీ నట్టనడుమ ఉన్న గడికీ ఇంటూ వేయండి, కాయ పండేది అక్కడే.

నాలుగు గవ్వలు కావాలి. దొరక్కపోతే నాలుగు చింతపిక్కల్ని గచ్చు మీద ఒక వైపు అరగదీయండి, తెల్లగా తేలుతుంది. ఈ అరగదీసే పని పిల్లలకిస్తే ఒక సాయంత్రం దానికే సరిపోతుంది. గవ్వలు విసిరినప్పుడు ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు జరపాలి. చింతపిక్కలైతే తెల్ల వైపు పైకి ఉన్నవి లెక్కపెట్టాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. ఈ రెండింట్లో ఏది పడినా మళ్లీ వేయొచ్చు.

అసలు ఆటలో ఒక్కొక్కరికి నాలుగు కాయలు. బయటి వరస చుట్టి రావాలి, ఎదుటివాళ్ల కాయను చంపితేనే లోపలి వరసలోకి వెళ్లాలి, లోపల తిరిగే దిక్కు కూడా మారుతుంది. పిల్లలకు ఇదంతా ఒకేసారి చెబితే బుర్ర తిరుగుతుంది. మొదట ఒక్కొక్కరికి రెండే కాయలు ఇవ్వండి. బయటి 16 గళ్లు చుట్టి తన ఇంటికి తిరిగొచ్చాక నేరుగా రెండు గళ్లు లోపలికి జరిగితే పండినట్టే అని చెప్పండి. చంపడం ఉండదు. కాయలకు గాజు ముక్కలు వద్దు, బొత్తాలు బాగుంటాయి.

కొన్నాళ్లు ఇలా ఆడాక చంపడం కలపండి, తర్వాత లోపలి వరస. చంపడం మొదలైన రోజు ఏడుపు ఖాయం. అలాగని మీరు ప్రతిసారీ కావాలని ఓడిపోకండి, ఆ వయసు పిల్లలు ఇట్టే కనిపెడతారు. మూడో ఆటకల్లా వాళ్లే "నాన్నా, నువ్వు దొంగాట ఆడుతున్నావు" అంటారు. ఇంటూ గళ్లలో ఉన్న కాయను ఎవరూ చంపకూడదన్న నియమం గుర్తు చేయండి. ఎక్కడ ఆగాలో ఆలోచించి జరపడం వాళ్లు అక్కడే నేర్చుకుంటారు. అమ్మమ్మగారి ఊళ్లో ఒక పద్ధతి, నానమ్మగారి ఊళ్లో ఇంకో పద్ధతి ఉంటే ఆ తగాదాలో దూరకండి. పెద్దవాళ్లు వాదించుకుంటుంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, అది కూడా వినోదమే.

గుంటల్లో గింజలు పంచుతూ ఆడే వామనగుంటలకు పీట లేకపోతే 30 గుడ్ల ట్రే ఉంది కదా. అందులో రెండు వరసలు కత్తిరిస్తే వరసకు ఆరు గుంటలొస్తాయి. అసలు పీటకు వరసకు ఏడు ఉంటాయి, పిల్లలకు ఆరైనా ఆట నడుస్తుంది.

ట్రాఫిక్‌ను కూడా వాడుకోండి

మన ఊళ్లో పిల్లల బాల్యంలో కొంత సిగ్నళ్ల దగ్గరే గడిచిపోతుంది, ఒప్పుకోవాలి. ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టే బదులు నంబర్ ప్లేట్ల ఆట ఆడండి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడక ముందు రిజిస్టరైన బండ్లకు ఏపీ, ఆ తర్వాత టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. మూడు రకాలూ ఒకే సిగ్నల్ దగ్గర పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకరికి టీజీ, ఇంకొకరికి టీఎస్ పంచండి, ఎవరి బండ్లు ముందు పది అయితే వాళ్లు గెలిచినట్టు. ఏపీ కనిపిస్తే ఎవరు ముందు అరిస్తే వాళ్లకు రెండు పాయింట్లు. అది పాత బండైనా కావచ్చు, ఆంధ్రా నుంచి వచ్చిన కొత్త బండైనా కావచ్చు. ఏదో ఊహించమనండి.

అంకెలు నేర్చుకునే పిల్లలకు స్తంభాలున్నాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో మొదలైంది. దాని కింద ప్రతి స్తంభానికీ నంబరు ఉంటుంది. ఫలానా పిల్లర్ నంబర్ దగ్గర దిగండి అని అడ్రస్ చెప్పుకునే జనం మనం. మెట్రో స్తంభాలకూ నంబర్లున్నాయి. అంకెలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా చెప్పమనండి, తర్వాత రాబోయే నంబరేమిటో ముందే చెప్పమనండి.

ఈ ఆటలు కారులోనో, ఆటోలోనో, బస్సులోనో. బైక్ మీద మాత్రం వద్దు, పిల్లలు తల తిప్పి తిప్పి చూస్తారు. నాలుగేళ్ల లోపు పిల్లల్ని బైక్ మీద తీసుకెళ్లేటప్పుడు హెల్మెట్, నడిపేవాళ్లకు కలిపి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని నిబంధన ఉంది. మన రోడ్ల మీద ఇది పాటించేవాళ్లు అరుదు. మీరు పాటించండి.

ఆదివారం: ఒక పూట, ఒక చోటు

పొద్దున జూ, మధ్యాహ్నం చార్మినార్, సాయంత్రం ట్యాంక్‌బండ్ అని ప్లాన్ వేసేది పెద్దవాళ్లు. మోసుకుంటూ తిరిగేదీ పెద్దవాళ్లే. ఉదయం బయల్దేరి ఒక్క చోటు చూసి, భోజనం వేళకు ఇంటికి చేరేలా పెట్టుకోండి. వెళ్లే ముందే "అక్కడ మూడు చూస్తాం" అని మూడు పేర్లు చెప్పండి. ఆ మూడూ అయ్యాక మిగిలినవన్నీ కొసరు.

నెహ్రూ జూ పార్కు 1963లో తెరిచారు, మీర్ ఆలం చెరువు పక్కన దాదాపు 380 ఎకరాలు. నాలుగేళ్ల కాళ్లతో అంతా తిరగడం కాని పని. ఏనుగు, జిరాఫీ, పులి అని మూడు ఎంచుకుని మిగతాది బ్యాటరీ బండిలోనో టాయ్ ట్రైన్‌లోనో కానిచ్చేయండి. గేటు తెరిచే వేళకే చేరుకోండి. ఎండ ముదిరితే జంతువులు నీడ చూసుకుని పడుకుంటాయి, "పులి లేవదేంటమ్మా" అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక చావాలి. సోమవారం జూకు సెలవు. పండగ సోమవారం వస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

సాలార్‌జంగ్ మ్యూజియానికి చిన్నపిల్లలతో వెళ్తే గడియారం కోసమే వెళ్లండి. గంట కొట్టే వేళకు మూడు నిమిషాల ముందు లోపలి నుంచి గడ్డం బొమ్మ ఒకటి బయటికొస్తుంది. సరిగ్గా వేళకు ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొడుతుంది. పన్నెండింటికి వెళ్తే పన్నెండు దెబ్బలు, కానీ జనం కూడా పన్నెండింటికే ఎక్కువ. పదకొండు గంటల దెబ్బలకు కాస్త ముందుగా చేరి ముందు వరసలో కూర్చోండి. పిల్లలతో కలిసి పైకి లెక్కపెట్టండి. తర్వాత బొమ్మలున్న పిల్లల విభాగం, ఆపైన మేలిముసుగు రెబెక్కా విగ్రహం. ఆ ముసుగు గుడ్డది కాదు, రాయే అని చెబితే ఐదేళ్ల పిల్ల ఒప్పుకోదు. 1876లో బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కాడు. ముట్టుకోనివ్వరు, ఆ మాట ముందే చెప్పండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు.

డైనోసార్ పిచ్చి ఉన్న పిల్లలైతే బిర్లా సైన్స్ మ్యూజియం. అక్కడున్న కోటాసారస్ అస్థిపంజరం మన యామనపల్లి దగ్గర గోదావరి లోయలో దొరికిన ఎముకలతో నిలబెట్టింది. సుమారు 9 మీటర్ల పొడవు. హాల్లో తల నుంచి తోక దాకా పక్కనే అడుగులు వేయించి ఎన్ని అడుగులో చెప్పమనండి. ఆ ఆవరణలోనే ఉన్న ప్లానెటేరియం 1985 నాటిది. నాలుగేళ్ల లోపు పిల్లలు చీకటికి బెదురుతారు, షో ఆపరు కాబట్టి తలుపు దగ్గరి సీటు చూసుకోండి.

గోల్కొండలో పైదాకా ఎక్కించాలని పంతం పట్టకండి. కింద ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొట్టించండి, పైన బాలాహిస్సార్‌లో నాన్న వింటాడు. ఫోన్‌లో "వినపడింది" అని చెబితే చాలు, కింద గంతులే గంతులు. మళ్లీ నాన్న దిగొచ్చేదాకా గేటు దగ్గర మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చోవచ్చు.

ఎక్కడికీ వెళ్లే ఓపిక లేని ఆదివారం మెట్రో ఎక్కండి. అదే షికారు. 90 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్ అక్కర్లేదు, స్టేషన్‌కు వెళ్లే ముందు గోడకు నిలబెట్టి టేపుతో కొలవండి, అదో సంబరం. అమీర్‌పేట్‌లో ఎర్ర లైను నుంచి నీలం లైనుకు మారండి. ఎస్కలేటర్ మీద చెయ్యి వదలకండి, చున్నీలు, పొడుగు గౌన్లు ఎత్తి పట్టుకోండి. రైల్లో తినకూడదు, అందుకని ఎక్కే ముందే ఏదైనా పెట్టేయండి.

సంచిలో ఏముండాలంటే: నీళ్లు, అరటిపళ్లు, ఒక జత బట్టలు, చిన్న తువ్వాలు, వాంతి వస్తుందేమోనని రెండు కవర్లు. జనం ఎక్కువుండే చోటికైతే, ముఖ్యంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌కైతే, మణికట్టు మీద బాల్‌పెన్‌తో మీ ఫోన్ నంబరు రాయండి. బయల్దేరేటప్పుడే ఆ రోజు వేసుకున్న బట్టలు కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. తప్పిపోతే ఏం రంగు చొక్కా అని అడిగినప్పుడు తల్లిదండ్రులకు గుర్తు రాదు. "నేను కనిపించకపోతే ఉన్నచోటే నిలబడు, ఏదైనా కొట్టులో ఉన్న ఆంటీకి చెప్పు" అని దారిలోనే రెండుసార్లు వల్లె వేయించండి.

కాలాన్ని బట్టి ఆట

ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు పక్కన తాటిముంజలు అమ్ముతారు. ముంజలు కొన్నాక, తీసేసిన ఖాళీ కాయలు రెండు, ఒకే సైజువి అడగండి. బండివాళ్లకు అవి చెత్తే, ఊరికే ఇస్తారు. రెండింటి నడుమా గుచ్చేలా జానెడున్నర పుల్ల ఒకటి సన్నగా చెక్కండి. కాయల మధ్య బెత్తెడు ఖాళీ ఉండాలి. పంగ ఉన్న వేపకొమ్మను ఆ ఖాళీలో ఇరుసు మీద ఆనించి తోస్తే తాటికాయల బండి పరిగెడుతుంది. పార్కింగ్ సెల్లార్‌లో నున్నటి నేల మీద ఇంకా బాగా వెళ్తుంది, వాచ్‌మన్ పిల్లలు కూడా వచ్చి చేరతారు. రెండు రోజులకు కాయలు ఎండి పుల్ల వదులవుతుంది, ముంజలు మళ్లీ కొనడానికి అదో వంక.

తొలకరికి కాగితం పడవలు ఎలాగూ ఉంటాయి. ఊరి శివార్లలో ఖాళీ నేల ఉంటే ఆరుద్ర పురుగుల కోసం వెతకండి, ఎర్ర మఖమల్ ముద్దల్లా పాకుతుంటాయి. అరచేతిలో పెట్టుకుని చూసి తిరిగి అక్కడే వదలాలి, అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తేవొద్దు. వాన పడ్డాక రోడ్డు మీద నిలిచిన నీళ్లలోకి మాత్రం పిల్లల్ని దించకండి. కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉందో, పక్క స్తంభంలో కరెంటు ఉందో ఎవరూ చెప్పలేరు.

వినాయక చవితికి జీహెచ్ఎంసీ, హెచ్ఎండీఏ ఏటా మట్టి విగ్రహాలు పంచుతుంటాయి. పూజకు అది, ఆటకు కిలో బంకమట్టి. పొట్టకో ఉండ, తలకో ఉండ, తొండానికో పాములాంటి ముక్క, కళ్లకు రెండు మిరియాలు. నీడలో ఆరనివ్వండి, ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. పిల్లలు చేసిన వినాయకుడు ఏనుగులా లేకపోయినా దిద్దకండి. బకెట్‌లో నిమజ్జనం చేసి ఆ మట్టి మెంతుల డబ్బాలో కలిపేయండి.

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఒక్కరోజైనా పిల్లల చేత చిన్నది పేర్పించండి. మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ, దానికి అనువైనది. స్టీలు పళ్లెంలో గుమ్మడాకులు పరిచి, వాటి మీద తంగేడు, గునుగు, బంతి, చామంతి వరసలు వరసలుగా. గునుగు దొరికితే కొసల్ని రంగు నీళ్లలో ముంచే పని వాళ్లది, కింద పాత పేపర్లు మాత్రం పరవండి. తొడిమలన్నీ లోపలి వైపుకు, పూలు బయటికి అన్న ఒక్క సూత్రం చెబితే చాలు. మధ్యలో గుల్ల కాకుండా ఆకులు తుంచి నింపాలి. పైన పసుపు గౌరమ్మను పెద్దవాళ్లు పెట్టండి. సెల్లార్‌లో చుట్టూ తిరిగేటప్పుడు వాళ్ల చిన్న బతుకమ్మను పెద్దవాటి పక్కనే పెట్టించండి.

ఇక సంక్రాంతి పతంగులు. పిట్టగోడ నడుం ఎత్తుకు తక్కువున్న మేడ మీదికి పిల్లల్ని ఎక్కించకండి, అందులో మొహమాటం వద్దు. ఐదారేళ్ల పిల్లలకు ఎగరేయడం రాదు, దారం చుట్టిన చర్ఖా పట్టుకోవడమే పెద్ద హోదా. దారం వదలమన్నప్పుడు వదలడం, చుట్టమన్నప్పుడు చుట్టడం నేర్పండి. నూలు దారమే కొనండి. చైనా మాంజా అని పిలిచే నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది, అయినా గల్లీల్లో చాటుగా అమ్ముతూనే ఉంటారు. పిల్లల వేళ్లకు మెడికల్ టేపు చుట్టండి, నూలు మాంజా కూడా కోస్తుంది. కనుమ మర్నాడు పొద్దున పిల్లలతో మేడెక్కి, తీగల మీదివి కాకుండా నేల మీద, కుండీల్లో చిక్కుకున్న దారం ముక్కలు ఏరించండి. ఏరినదాన్ని ఉండలా పారేస్తే చెత్త దగ్గర కాకుల కాళ్లకు చుట్టుకుంటుంది, కత్తెరతో చిన్న చిన్న ముక్కలు చేసి కవర్లో కట్టి చెత్త ఆటోలో వేయండి.